ఒక్క సూదితో జబ్బు పోతుందా? జన్యువును మోసుకెళ్లే కొవ్వు బుడగ, దాన్ని అడ్డుకునే మన ఒళ్లు

మన దగ్గర ఎప్పుడూ గద్వాల కోట, వనపర్తి సంస్థానం, నాగర్‌కర్నూల్ పక్కన నల్లమల, ఇలాంటి కథలే చెప్పుకుంటాం కదా. ఈరోజు కూడా చరిత్రే. కాకపోతే ఇది మన ఒంటి లోపల జరిగిన చరిత్ర. దీని గురించి ఎందుకు మాట్లాడుతున్నానో ముందు చెప్తాను.

మా పెద్దమ్మ కొడుకు గద్వాల దగ్గర పల్లెలో ఉంటాడు. వ్యవసాయం. వాళ్ల బాబుకి తలసీమియా. ఏడేళ్లు. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అన్న ఆ పిల్లోణ్ని తీసుకుని పొద్దున్నే బస్సెక్కి, ఎర్రవల్లి చౌరస్తా దాటి హైవే మీద హైదరాబాద్ పోతాడు. రాత్రికి తిరిగొస్తాడు. మర్నాడు చేన్లో ఉంటాడు. ఇది ఏళ్లుగా నడుస్తోంది.

పోయిన నెల ఫోన్ చేశాడు. "తమ్మీ, ఒకాయన చెప్పిండు. జీన్ థెరపీ అంట. ఒక్క సూదంట. తొమ్మిది లక్షలంట. ఎకరం అమ్మితే అయిపోతది గదా?"

నేను వెంటనే ఏం చెప్పలేకపోయాను. "అన్నా, వారం రోజులు ఆగు. ఎవరికీ పైసలు ఇయ్యకు. నేను చదివి చెప్తా" అన్నాను. ఆ వారం చదివిందే ఈ ఎపిసోడ్. అన్నకు చెప్పిన జవాబు చివర్లో చెప్తాను. ముందు కథ వినండి, ఎందుకంటే కథ తెలియకపోతే ఆ జవాబు అర్థం కాదు.

మొదట ఒక చిన్న విషయం. మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే, వాళ్ల చేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ చూడండి. మశూచి టీకా మచ్చ అది. మా నానమ్మ "అమ్మవారు పోసింది" అనే జబ్బు అదే. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. ఆ మచ్చ ఏం చెబుతోందంటే, ఒంట్లోకి కొత్తది ఏదొచ్చినా ఒళ్లు చూస్తూ ఊరుకోదు. కొట్లాడుతుంది. కొట్లాడాక గుర్తుపెట్టుకుంటుంది. టీకాకి ఈ గుణం వరం. కానీ మనం మందే లోపలికి పంపుతున్నాం అనుకోండి, అదే గుణం అడ్డంకి అవుతుంది. ఈ మొత్తం కథ ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు అసలు సమస్య ఏంటో చూద్దాం. కొన్ని జబ్బులు జన్యువులో ఒక్క అక్షరం తప్పు పడటం వల్ల వస్తాయి. అయితే సరైన జన్యువుని లోపలికి పంపితే సరిపోతుంది కదా? వినడానికి తేలికే. కానీ డీఎన్‌ఏనో ఆర్‌ఎన్‌ఏనో నేరుగా రక్తంలో వదిలితే అక్కడున్న ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి. ఒకవేళ మిగిలినా కణం లోపలికి పోలేదు. కణం గోడ కొవ్వుతో చేసింది, దానికి జన్యువు పొడుగాటి దారం లాంటిది, పైగా విద్యుత్ ఆవేశం ఉన్న దారం. మన గద్వాల చీరని అగ్గిపెట్టెలో పెట్టొచ్చని అంటారు చూడండి, అలా ఈ దారాన్ని మడిచి ఒక చిన్న డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బా ఏది?

1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ అనే శాస్త్రవేత్త కణాల గోడల్లో ఉండే కొవ్వుని నీళ్లలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశాడు. ఆ కొవ్వు తనంతట తనే చిన్న చిన్న బుడగలుగా మారింది. లోపల నీళ్లు, చుట్టూ కొవ్వు పొర. వాటినే లిపోసోములు అంటారు. అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఈ బుడగలో మందు పెట్టి పంపొచ్చు కదా!

అయితే 1974లోనే ఒక హెచ్చరిక వచ్చింది. అలిసన్, గ్రెగోరియాడిస్ అనే ఇద్దరు ఆ బుడగల్లో డిఫ్తీరియా టీకా పదార్థం పెట్టి ఎలుకలకు ఇచ్చారు. మామూలుగా ఇచ్చినదానికంటే యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయి. అంటే ఆ బుడగ ఖాళీ డబ్బా కాదు. అది కూడా ఒంటిని లేపుతోంది. టీకా వాళ్లకి ఇది శుభవార్త. మందు వాళ్లకి కాదు.

1987లో కాలిఫోర్నియాలో ఫిలిప్ ఫెల్గ్‌నర్ బృందం ప్లస్ ఆవేశం ఉన్న కొవ్వుని తయారు చేసింది. జన్యువుది మైనస్ ఆవేశం. రెండూ అతుక్కున్నాయి. గాజు గిన్నెలో పెంచిన కణాల్లోకి జన్యువు బాగానే పోయింది. కానీ జంతువు ఒంట్లోకి ఎక్కించేసరికి కథ మారింది. ఎప్పుడూ ప్లస్‌గా ఉండే ఆ కొవ్వుకి రక్తంలోని ప్రోటీన్లన్నీ అతుక్కుంటాయి. తెల్ల రక్తకణాలు దాన్ని శత్రువు అనుకుంటాయి. వాపు, విషప్రభావం.

ఇక్కడే మన హైదరాబాద్ కథలోకి వస్తుంది. మీలో చాలామంది తార్నాక మీదుగా ఉప్పల్ వైపు వెళ్లే ఉంటారు. ఆ రోడ్డు మీదే రెండు పెద్ద సంస్థలు ఇరుగుపొరుగుగా ఉన్నాయి. ఒకటి ఐఐసీటీ, రసాయనాల మీద పనిచేసేది. ఇంకోటి సీసీఎంబీ, కణాల మీద పనిచేసేది. ఐఐసీటీలో అరబింద చౌధురి, రాజ్‌కుమార్ బెనర్జీ లాంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఇదే పని చేశారు. జన్యువుని మోసే కొవ్వు అణువులను కొత్తగా తయారు చేయడం, తల మార్చడం, తోక మార్చడం, ఏది బాగా పనిచేస్తుంది, ఏది కణాన్ని చంపుతుంది అని చూడటం.

వాళ్ల పనిలో నాకు బాగా నచ్చింది ఒకటి చెప్తాను. మన రోగనిరోధక వ్యవస్థలో డెండ్రిటిక్ కణాలు అని ఉంటాయి. ఊళ్లోకి కొత్తగా ఎవరొచ్చినా చూసి పెద్దమనుషులకి కబురు చెప్పే కాపలాదారు లాంటివి అవి. వాటి మీద మానోస్ అనే చక్కెరని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. చౌధురి గారి బృందం ఆ చక్కెరలా కనిపించే తలని కొవ్వు అణువుకి తగిలించింది. కాపలాదారు దాన్ని చక్కెర అనుకుని లోపలికి తీసుకుంటాడు. లోపల ఉన్నది క్యాన్సర్‌ని గుర్తుపట్టమని చెప్పే జన్యువు. ఎలుకల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద ఇది పరీక్షించారు. చూశారా, ఒంటి కాపలాని తప్పించుకోవడం కాదు, దాన్నే పనిలో పెట్టుకోవడం.

సరే, ఇప్పుడు 1999కి వద్దాం. ఈ భాగం చెప్పడం కష్టం.

అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే కుర్రాడు. పద్దెనిమిదేళ్లు, అంటే ఇది చదివే మీలో చాలామంది వయసే. అతని కాలేయంలో ఒక ఎంజైము లోపం. ఒంట్లో అమోనియా పేరుకుపోతుంది. అతనికి ప్రాణం మీదకి రాలేదు, మందులతో, తిండి జాగ్రత్తతో నెట్టుకొస్తున్నాడు. కానీ అదే జబ్బుతో పుట్టే పసిపిల్లలు చాలామంది చనిపోతారు. వాళ్లకి ఉపయోగపడుతుందని ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేస్తున్న ప్రయోగంలో చేరాడు. అక్కడ వాడింది కొవ్వు బుడగ కాదు. వైరస్. జలుబు తెప్పించే ఎడినోవైరస్‌ని నిర్వీర్యం చేసి, దాంట్లో సరైన జన్యువు పెట్టి కాలేయానికి పంపారు. సెప్టెంబర్ 13న ఇచ్చారు. 17న జెస్సీ చనిపోయాడు. అతని ఒళ్లు ఆ వైరస్ మీద ఎంత తీవ్రంగా విరుచుకుపడిందంటే, ఒక్కో అవయవం వరుసగా దెబ్బతింది.

మందు చంపలేదు ఫ్రెండ్స్. మందుని మోసుకెళ్లిన బండిని చూసి ఒళ్లు చేసిన యుద్ధం చంపింది. ఆ తర్వాత జీన్ థెరపీ రంగం కొన్నేళ్లపాటు దాదాపు స్తంభించిపోయింది. ఫిలడెల్ఫియా అనే పేరు, అమోనియా జబ్బు, ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ వస్తాయి.

అదే విశ్వవిద్యాలయంలో, అదే సంవత్సరాల్లో, ఇంకో గదిలో కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఎంఆర్‌ఎన్‌ఏ మీద పనిచేస్తున్నారు. వాళ్లకీ ఇదే తలనొప్పి. ఎంఆర్‌ఎన్‌ఏ ఇస్తే కణాలు వాపుతో ఎర్రబడేవి. మన కణాల్లో టోల్ రిసెప్టర్లు అని ఉంటాయి, బయటి ఆర్‌ఎన్‌ఏ వస్తే "వైరస్ వచ్చింది" అని కేక పెట్టేవి అవే. 2005లో ఆ ఇద్దరూ కనిపెట్టింది ఏంటంటే, ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్ అనే అక్షరాన్ని కొంచెం మార్చి సూడోయూరిడిన్‌గా రాస్తే ఆ కేక ఆగిపోతుంది. అక్షరం మారినా అర్థం మారదు. దీనికే 2023లో నోబెల్ వచ్చింది.

బుడగ సంగతి? దాన్ని కెనడాలో పీటర్ కల్లిస్ లాంటి వాళ్లు, ఇంకా చాలా బృందాలు మార్చాయి. కొత్త కొవ్వు ఎలాంటిదంటే, రక్తంలో ఉన్నంతసేపు దానికి ఆవేశం ఉండదు. కణం లోపల పుల్లటి సంచిలోకి చేరగానే ప్లస్‌గా మారుతుంది, సంచి గోడ చిరుగుతుంది, సరుకు బయటపడుతుంది. బయట మర్యాదస్తుడు, లోపలికి పోయాక పని మొదలుపెడతాడు అన్నమాట. దాంతోపాటు కొలెస్ట్రాల్, ఇంకో సహాయక కొవ్వు, పైన పెగ్ అనే పాలిమర్ తొడుగు. ఈ నాలుగూ కలిస్తే లిపిడ్ నానోపార్టికల్. సైజు దాదాపు వంద నానోమీటర్లు. మీ తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు అనుకోండి.

2018 ఆగస్టులో ఆన్‌పాట్రో అనే మందుకి అమెరికా అనుమతి ఇచ్చింది. ఇలాంటి బుడగలో ఆర్‌ఎన్‌ఏ పెట్టి ఇచ్చే మొదటి మందు. నరాలు దెబ్బతీసే ఒక వంశపారంపర్య జబ్బుకి. కానీ దీని వాడకంలో ఒక విషయం ఉంది. మూడు వారాలకోసారి ఎక్కించే ముందు, కనీసం గంట ముందు, ప్రతిసారీ స్టెరాయిడ్, పారాసిటమాల్, అలర్జీ మందులు ఇవ్వాలి. ఎందుకు? బుడగని చూసి ఒళ్లు రెచ్చిపోకుండా. అంటే సమస్య పోలేదు, దాన్ని అదుపులో పెట్టారంతే.

ఆ పెగ్ తొడుగు సంగతి కూడా చెప్పాలి. బుడగ రక్తంలో ఎక్కువసేపు దాక్కోడానికి తొడిగిన ముసుగు అది. 2000 ప్రాంతంలో ఎలుకల్లో ఒక వింత కనిపించింది. మొదటి డోసు చాలాసేపు తిరిగింది. కొన్ని రోజులకి అదే రెండోసారి ఇస్తే చకచకా మాయమైంది. మొదటిసారికే ఒళ్లు ముసుగుని గుర్తుపట్టి యాంటీబాడీలు చేసుకుంది. పెగ్ అంటే మన క్రీముల్లో, మలబద్ధకం మందుల్లో కూడా ఉండేదే. కాబట్టి కొందరి ఒంట్లో ముందే ఆ యాంటీబాడీలు ఉంటాయి. 2020 డిసెంబర్‌లో బ్రిటన్‌లో ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మొదలుపెట్టిన రోజే ఇద్దరికి తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు అందరూ మొదట అనుమానించింది పెగ్‌నే. అలాంటి కేసులు చాలా అరుదు, పెగ్ ఒక్కటే కారణమని తేలలేదు కూడా. కానీ శాస్త్రవేత్తలు పెగ్‌కి బదులు ఇంకేం వాడొచ్చా అని ఇప్పటికీ వెతుకుతున్నారు.

ఇక 2021. ఇది మనందరికీ తెలిసిన చరిత్ర. జనవరి 16న దేశంలో కోవిడ్ టీకా మొదలైంది. మన మూడు జిల్లాల్లోనూ పీహెచ్‌సీల ముందు లైన్లు. మా అత్తమ్మ వాళ్లది నాగర్‌కర్నూల్ వైపు. ఆమె కోవిషీల్డ్ వేయించుకుని రాత్రికి దుప్పటి కప్పుకుని వణికింది. "సూది ఏసినంక జరమొచ్చింది, గిదేం మందు?" అని అందర్నీ తిట్టింది. పక్కింట్లో కొందరు అది విని టీకాకే పోలేదు.

ఇప్పుడు ఆ జ్వరం ఏంటో మీకు అర్థమైందా? కోవిషీల్డ్ అంటే ఏంటి? ఎడినోవైరస్ బండిలో కరోనా స్పైక్ జన్యువు. జెస్సీకి వాడిన కుటుంబానికి చెందిన బండే. కానీ డోసు, ఇచ్చే చోటు పూర్తిగా వేరు, భుజం కండలో కొంచెం. పైగా ఇది చింపాంజీల ఎడినోవైరస్. ఎందుకంటే మనుషుల ఎడినోవైరస్ మనందరికీ ఎప్పుడో జలుబుగా తగిలే ఉంటుంది, దాని మీద యాంటీబాడీలు చాలామందికి ఉంటాయి. చింపాంజీది ఒంటికి కొత్త. మరి రెండో డోసు నాటికి ఒళ్లు ఆ బండిని కూడా నేర్చేసుకుంటుంది కదా? అదీ ఒక ఆందోళనే. 2021 మేలో రెండు డోసుల మధ్య ఎడం 12 నుంచి 16 వారాలకు పెంచారు గుర్తుందా? ఎడం ఎక్కువుంటే స్పందన బాగుందని అధ్యయనాల్లో కనిపించింది. బండి మీద ఒంటి కోపం కొంత చల్లారడం దానికి ఒక కారణం కావచ్చన్నారు. ఇదే టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య కూడా బయటపడింది. అందులో కూడా ఒంటి సొంత యాంటీబాడీలే దారి తప్పాయి. దాచాల్సిన పని లేదు, తెలుసుకోవాల్సిన విషయం.

మరి కొవ్వు బుడగ టీకా మన దగ్గర? 2022 జూన్‌లో పుణెలో తయారైన జెమ్‌కోవాక్‌కి అత్యవసర అనుమతి వచ్చింది. దానికి కొంచెం ముందే, మేలో, మన సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ బృందం సొంతంగా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పద్ధతిని తయారు చేసి, ఎలుకల్లో స్పైక్ మీద మంచి స్పందన వచ్చిందని ప్రకటించింది. ఆ సెంటర్ నడిపిన మధుసూదనరావు గారు లిపిడ్ల మీద ఏళ్లుగా పనిచేసినాయన. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఎంఆర్‌ఎన్‌ఏ సాంకేతికతను అందుకునే కంపెనీగా హైదరాబాద్‌కి చెందిన బయోలాజికల్ ఇ ని ఎంచుకుంది. అంటే గద్వాల నుంచి బస్సులో నాలుగైదు గంటల దూరంలో ఈ పని జరుగుతోంది.

ఇప్పుడు మళ్లీ ఫిలడెల్ఫియా. 2025 మే. కేజే అనే పసిబిడ్డ. కాలేయంలో ఎంజైము లోపం, ఒంట్లో అమోనియా పేరుకుపోవడం. జెస్సీ జబ్బుకి దగ్గరి చుట్టం. డాక్టర్ రెబెకా ఆరెన్స్-నిక్లస్, డాక్టర్ కిరణ్ ముసునూరు బృందం, ఆ ఇంటిపేరు వినగానే మన చెవికి తెలుగు పేరులా తగులుతుంది, ఆ ఒక్క బిడ్డ కోసమే ఒక మందు తయారు చేసింది. జన్యువులో తప్పు పడిన ఒక్క అక్షరాన్ని దిద్దే పరికరం, దాన్ని తయారు చేసే ఎంఆర్‌ఎన్‌ఏ, అదంతా లిపిడ్ నానోపార్టికల్‌లో. ఫిబ్రవరిలో మొదటి డోసు చాలా తక్కువగా ఇచ్చారు. చూశారు. మార్చి, ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. బిడ్డ మెరుగయ్యాడు, మందులు తగ్గించగలిగారు.

ఇందులో కీలకం "మళ్లీ ఇచ్చారు" అన్న మాట. వైరస్ బండి అయితే ఒక్కసారికే ఒళ్లు యాంటీబాడీలు చేసుకుంటుంది, రెండోసారి అదే బండి పనికిరాదు. కాబట్టి ఒకేసారి పెద్ద డోసు ఇవ్వాలి, ప్రమాదం కూడా పెద్దదే. కొవ్వు బుడగ అయితే కొంచెం ఇచ్చి, చూసి, మళ్లీ ఇవ్వొచ్చు. ఇరవై ఆరేళ్లలో అదే ఊళ్లో కథ ఇలా మారింది.

ఇక అన్నకి నేనేం చెప్పాను?

"అన్నా, కేజేది కాలేయం జబ్బు. ఈ కొవ్వు బుడగలు రక్తంలోకి పోగానే ఒక ప్రోటీన్ తగులుకొని ఎక్కువగా కాలేయానికే పోతయి. మనోడి జబ్బు ఎముక మజ్జలో. అక్కడికి బుడగని పంపే పని ఇంకా పరిశోధనలోనే ఉంది. తలసీమియాకి జన్యువుని దిద్దే చికిత్స ఒకటి ఉంది, 2023లో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. కానీ అది ఒక్క సూది కాదు. కణాలు బయటికి తీసి, దిద్ది, కీమో ఇచ్చి మజ్జ ఖాళీ చేసి, మళ్లీ ఎక్కిస్తరు. అమెరికాలో దాని ధర 20 లక్షల డాలర్ల పైమాటే. తొమ్మిది లక్షలకి ఒక్క సూది అనేటోడు అబద్ధం చెప్తుండు."

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "మరి ఏం చేయాలె?"

మూడు పనులు చెప్పాను. ఒకటి, రక్తం, ఐరన్ తగ్గించే మాత్రలు ఎట్టి పరిస్థితుల్లో ఆపొద్దు. పిల్లోడు ఆరోగ్యంగా ఉంటేనే రేపు వచ్చే మందు పనికొస్తుంది. రెండు, చెల్లెలి మజ్జ సరిపోతుందేమో హెచ్‌ఎల్‌ఏ పరీక్ష గురించి రక్తం ఎక్కించే డాక్టర్‌ని అడుగు. మూడు, ఎవరైనా ట్రయల్ అంటే సీటీఆర్‌ఐలో నమోదు నంబర్ అడుగు. నిజమైన ట్రయల్‌లో ప్రయోగం మందుకి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోరు. మన దేశంలో జీన్ థెరపీకి 2019 నుంచి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఉన్నాయి. నంబర్ అడగ్గానే ఫోన్ కట్ చేస్తే నీకు జవాబు దొరికినట్టే.

ఆ "ఒకాయన"కి అన్న ఫోన్ చేసి నంబర్ అడిగాడు. మళ్లీ చేస్తానని పెట్టేశాడంట. ఇప్పటిదాకా చేయలేదు. ఎకరం అన్న దగ్గరే ఉంది.

మీ ఊళ్లో కూడా ఇలాంటి అన్నలుంటారు. వాళ్ల దగ్గర ఫోనుంటుంది కానీ ఇది చదివే తీరిక ఉండదు. మీరు చదివి చెప్పండి. పెళ్లి కుదిరిన వాళ్లుంటే ఇద్దరూ ఒకసారి హెచ్‌బీఏ2 పరీక్ష చేయించుకోమని కూడా చెప్పండి, తలసీమియా క్యారియరా కాదా అందులో తెలుస్తుంది.

మొన్న అన్న మళ్లీ హైదరాబాద్ పోయాడు. వచ్చేటప్పుడు బస్సు తార్నాక వైపు పోకపోయినా, పిల్లోడికి ఆ సంస్థల గురించి చెప్పాడంట. వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే. "నాయినా, ఆ బుడగ ఎప్పుడొస్తది?"

ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. కానీ ఎవరో ఒకరు దాని మీద పనిచేస్తున్నారని మాత్రం చెప్పగలను.